ఆ తొమ్మిదేళ్ల జీతం ఏ లెక్కలో రాస్తారు?

ఏ ఆటగాడి పేరు కొట్టినా ఫోన్‌లో ముందుగా కనిపించే ప్రశ్న ఒకటుంది: "ఈయన మొత్తం సంపాదన ఎంత?" కింద కోట్లలో ఒక అంకె ఉంటుంది. మనం చూసి "అబ్బో" అనుకుని ముందుకెళ్లిపోతాం. ఈరోజు ఒక్కసారి ఆ అంకె దగ్గర ఆగుదాం. ఒక ఆదివాసీ కోచ్ కథ పక్కన పెట్టి దాన్ని చూద్దాం.

ఆయన పేరు టెడ్ నోలన్. కెనడాలోని ఒంటారియో రాష్ట్రం, గార్డెన్ రివర్ అనే ఒజిబ్వే ఆదివాసీ గూడెం. పన్నెండు మంది పిల్లల్లో ఒకడు. ఇంట్లో కరెంటు లేదు, కుళాయి లేదు. బకెట్లతో నీళ్లు మోసి పెరట్లో పోస్తే, ఆ చలికి గడ్డకట్టేది. దాని మీదే హాకీ నేర్చుకున్నాడు. మనకు హాకీ అంటే పచ్చగడ్డి మైదానం. అక్కడ హాకీ అంటే మంచు మీద ఆట, కోట్ల డాలర్ల వ్యాపారం. ఆ వ్యాపారంలో పై మెట్టు నేషనల్ హాకీ లీగ్.

నోలన్ ఆ లీగ్ దాకా వెళ్లాడు. డెట్రాయిట్, పిట్స్‌బర్గ్ జట్లకు కలిపి 78 మ్యాచ్‌లు ఆడాడు. మిగతా కాలమంతా కింది స్థాయి లీగుల్లోనే గడిచింది, అక్కడ జీతాలూ తక్కువే. నడుము దెబ్బతో ఆట ఆగిపోయింది. అది 1986 నాటి మాట. అప్పట్లో ఆటగాళ్ల జీతాలు బయటపెట్టే పద్ధతే లేదు. ఒకే జట్టులో పక్క పక్కన కూర్చున్నవాళ్లకు కూడా ఒకరి జీతం ఒకరికి తెలిసేది కాదు. మరి ఈరోజు వెబ్‌సైట్లు ఇంత అని కచ్చితంగా అంకె ఎలా వేస్తున్నాయి? మీరే అడగండి.

సరే, అసలు కథ ఆ తర్వాతే మొదలైంది. నోలన్ కోచ్ అయ్యాడు. సొంత ఊరి పక్కనే ఉన్న సూ సెయింట్ మేరీ కుర్రాళ్ల జట్టును 1993లో మెమోరియల్ కప్ విజేతగా నిలబెట్టాడు. 1995లో బఫెలో సేబర్స్‌కు హెడ్ కోచ్ అయ్యాడు. రెండో ఏడాదికే ఆ జట్టు తన డివిజన్‌లో మొదటి స్థానంలో నిలిచింది. 1997లో లీగ్ మొత్తానికి ఉత్తమ కోచ్‌గా జాక్ ఆడమ్స్ అవార్డు ఇచ్చారు.

ఇప్పుడు మీరే చెప్పండి. లీగ్‌లో నంబర్ వన్ కోచ్‌కి యాజమాన్యం ఎన్నేళ్ల కాంట్రాక్టు ఇవ్వాలి?

ఒక్క ఏడాది ఇస్తామన్నారు. ఆయన ఒప్పుకోలేదు. జట్టు వదిలి ఇంటికెళ్లిపోయాడు. మళ్లీ ఆ లీగ్‌లో హెడ్ కోచ్‌గా కనిపించడానికి 2006 దాకా పట్టింది, న్యూయార్క్ ఐలాండర్స్‌తో. తొమ్మిదేళ్లు! అప్పటికి నలభైల్లో ఉన్న మనిషి. ఏ కోచ్‌కైనా అనుభవం పండి, ఎక్కువ సంపాదించే వయసది.

"యాజమాన్యంతో గొడవపడ్డాడు కదా" అంటారు కొందరు. నిజమే, గొడవలున్నాయి. పాత జనరల్ మేనేజర్‌తో పొసగలేదు, జట్టులోని పెద్ద స్టార్ గోలీ కూడా ఈయన్ను వ్యతిరేకించాడు. మేనేజర్ల ఉద్యోగాలకు ఎసరు పెట్టే మనిషని ముద్ర వేశారు. కానీ పక్కనే మైక్ కీనన్‌ని చూడండి. వెళ్లిన చోటల్లా యాజమాన్యాలతో తగువులకు పేరుపడ్డ కోచ్. నోలన్ ఇంట్లో కూర్చున్న ఆ తొమ్మిదేళ్లలోనే కీనన్‌కు 1997లో వాంకూవర్, 2000లో బోస్టన్, 2001లో ఫ్లోరిడా పిలిచి కుర్చీ వేశాయి. ఒకరికి గొడవ "గట్టి మనిషి" అన్న పేరు తెస్తుంది. ఇంకొకరికి అదే గొడవ తలుపు మూసేస్తుంది.

జాతి చూసి పక్కన పెట్టామని ఎవరూ కాగితం మీద రాయరు. కాబట్టి రుజువు చూపమంటే కష్టం. కానీ 2005లో ఆయన మాంక్టన్ కుర్రాళ్ల జట్టుకు కోచ్‌గా ఉన్నప్పుడు, ప్రత్యర్థి ఊళ్లో జనం విల్లు ఎక్కుపెట్టినట్టు సైగలు చేసి గేలి చేశారు. అవార్డు వచ్చి ఎనిమిదేళ్లయ్యాక కూడా వాళ్లకు కనబడింది కోచ్ కాదు.

ఇది దూరదేశపు కథ అనుకోకండి. 1928 ఆమ్‌స్టర్‌డామ్ ఒలింపిక్స్‌లో మన దేశం తొలి హాకీ స్వర్ణం గెలిచినప్పుడు కెప్టెన్ ఎవరు? ముండా బిడ్డ జైపాల్ సింగ్. ఐసీఎస్ శిక్షణలో ఉన్న ఆయన, సెలవు ఇవ్వకపోయినా ఆడటానికి వెళ్లి, చివరికి ఆ ఉద్యోగమే వదులుకున్నారు. ఆ జీతం నష్టం ఏ రికార్డులోనూ ఉండదు. ఇక మన ఆశ్రమ పాఠశాలల్లో ఏడాదికోసారి రెన్యువల్ కోసం ఎదురుచూసే సీఆర్టీ టీచర్లను అడగండి, "ఒక్క ఏడాది కాంట్రాక్టు" అంటే ఏంటో వాళ్లకు బాగా తెలుసు. ఎంత బాగా పాఠం చెప్పినా, వచ్చే జూన్‌లో పని ఉంటుందో లేదో తెలియని బతుకు అది.

మెరిట్ ఉంటే ఎవరూ ఆపలేరని మనకు రోజూ చెప్తుంటారు. నోలన్ మెరిట్‌ను ఆ లీగే కొలిచి, చేతికి అవార్డు ఇచ్చింది. తర్వాత ఏం జరిగిందో చూశాం కదా. లోపలికి రానివ్వడం ఒక పోరాటం. వచ్చాక, గెలిచాక, నిలబడనివ్వడం రెండో పోరాటం. మనం మొదటిదాని గురించే ఎక్కువ మాట్లాడుతున్నాం.

నోలన్ ఆగిపోలేదు. 2014 సోచి ఒలింపిక్స్‌లో ఆయన కోచింగ్‌లో చిన్న దేశం లాట్వియా కెనడాను వణికించి 2-1 తేడాతోనే ఓడింది. తాగి బండి నడిపినవాడి వల్ల ప్రాణం పోగొట్టుకున్న తల్లి రోజ్ పేరు మీద ఆదివాసీ ఆడపిల్లల చదువుకు స్కాలర్‌షిప్ పెట్టాడు. కొడుకులతో కలిసి గూడేల పిల్లలకు హాకీ నేర్పుతున్నాడు. కొడుకు జోర్డన్ ఆ లీగ్‌లోనే ఆడి స్టాన్లీ కప్ అందుకున్నాడు.

కాబట్టి ఈసారి ఎవరి సంపాదన అంకె కనిపించినా, కింద ఇంకో ప్రశ్న వేసుకోండి: ఇందులో ఖాళీగా ఉన్న ఏళ్లెన్ని? ఆ ఖాళీ ఎవరు పెట్టారు? మీ ఆఫీసులో, మీ బడిలో, మీ ఐటీడీఏలో కూడా ఇదే లెక్క తీయండి. వచ్చినదాని లెక్క వాళ్లు ఎలాగూ రాస్తారు. రానివ్వనిదాని లెక్క మనమే రాయాలి.