ముగ్గుల పోటీతోనే సరిపెడితే ఎలా?

మా పెద్దత్తకు అరవై రెండేళ్లు. మోకాళ్ల నొప్పులు. నాలుగు మెట్లెక్కమంటే 'అమ్మా, దేవుడా' అంటుంది. కానీ చేతికి రెండు కోలలిచ్చి, ఎవరో ఒకరు పాట ఎత్తుకుంటే చాలు, ఆ మోకాళ్లు ఎవరివో అన్నట్టు గంటసేపు గుండ్రంగా తిరిగేస్తుంది. హిందూపురం చుట్టుపక్కల పల్లెల్లో ఇలాంటి పెద్దత్తలు వీధికొకరైనా ఉంటారు.

కొన్నేళ్ల కిందట మా వైపు రెండు రోజుల ఉత్సవం ఒకటి జరిగింది. ఏ ఊరో, ఎవరు జరిపారో చెప్పను. చెబితే తప్పు ఆ ఒక్క ఊరిదైపోతుంది, మిగతా ఊళ్లు హాయిగా ఊపిరి పీల్చుకుంటాయి. పెద్దత్త వాళ్ల జట్టుకు పిలుపు వచ్చింది. పదహారు మంది ఆడవాళ్లు. ఒకే రంగు చీరలుండాలని తలా ఇంత వేసుకుని కొన్నారు. నెలరోజులు పొలం పనయ్యాక గుడి ముందు సాధన చేశారు. సాయంత్రం ఆరింటికి రమ్మంటే అయిదున్నరకే వెళ్లి వేదిక వెనక కూర్చున్నారు.

ఏడైంది. ఎనిమిదైంది. ఉపన్యాసాలు, సన్మానాలు, శాలువాలు. ఆ తర్వాత బయటి ఊరి నుంచి వచ్చినవాళ్ల సినిమా పాటలు. పదకొండున్నరకు ఒక కుర్రాడొచ్చి "అవ్వా, టైమైపోయింది. రెండు నిమిషాల్లో కానిచ్చేయండి" అన్నాడు. అప్పటికి సగం కుర్చీలు ఖాళీ. వీళ్లు రెండు నిమిషాలు ఆడి దిగొచ్చారు.

ఇంటికొస్తూ ఆటోలో పెద్దత్త అంది: "పోనీలే అమ్మాయ్, ముగ్గుల పోటీలో మనోళ్లకు స్టీలు గిన్నె వచ్చింది కదా!"

అందరూ నవ్వారు. నాకు మాత్రం నవ్వు రాలేదు.

మొన్న ఈ సంగతంతా మళ్లీ గుర్తుకు రావడానికి కారణం మా చిన్నమ్మ కూతురు. ఐర్లండులో నర్సుగా ఉంది. సెలవు దొరికితే ఫోన్ చేస్తుంది. ఒక శని, ఆదివారాలు తోటి నర్సులు ఆమెను ఒక చిన్న ఊరికి తీసుకుపోయారట. "అక్కా, అచ్చం మన జాతరే అనుకో! పొద్దున ఆటలు, సాయంత్రం పాటలు. ఫిడేలు, పిల్లంగోవి పట్టుకుని వీధిలోనే కూర్చుంటారు. ముసలమ్మ వాయిస్తుంటే పక్కన మనవరాలు వాయిస్తుంది. అందరూ ఆ ఊరివాళ్లే. వేదికంటూ ఒకటుందని కూడా ఎవరికీ పట్టదు" అంది.

ఆ మాట నన్ను కూర్చోనివ్వలేదు. ఆ దేశం కథ వెతికి చదివాను. మనలాగే వాళ్లూ ఇంగ్లీషు వాళ్ల పాలనలో ఉన్నవాళ్లే. సొంత భాష, సొంత ఆటలు కనుమరుగైపోతున్నాయని 1884లో థర్లస్ అనే ఊళ్లో కూడి, తమ పాత ఆటల కోసం సంఘం పెట్టుకున్నారు. కర్రతో బంతిని కొట్టే హర్లింగ్ ఆ ఆటల్లో ఒకటి. ఇరవై ఏళ్లకు, 1904లో, ఆడవాళ్లు అదే ఆటను 'కమోగీ' పేరుతో తమకంటూ నిలబెట్టుకున్నారు. పాటలకూ వాద్యాలకూ 1951లో ఇంకో సంఘం వచ్చింది. ఆ ఏడే ముల్లింగర్ ఊళ్లో మొదటి పెద్ద సంగీతోత్సవం జరిగింది. ఇప్పటికీ ఆ ఉత్సవం జరుగుతూనే ఉంది. నాకు నచ్చిందేమిటంటే, ఉత్సవం ముందు పిల్లలకూ పెద్దలకూ పాఠాలుంటాయి. ముందు నేర్చుకోవడం, ఆ తర్వాతే పోటీ, ఆ తర్వాతే పండగ.

అక్కడి ఆడవాళ్లకు అన్నీ విస్తట్లో వడ్డించి పెట్టారనుకోకండి. కమోగీ ఆడే అమ్మాయిలు పొట్టి పావడాలాంటిది కట్టుకునే ఆడాలనే నియమం నిన్న మొన్నటి దాకా ఉంది. మాకు నిక్కర్లే సౌకర్యమని ఆటగత్తెలు గొడవ చేస్తే, చివరికి 2025 మే నెలలో ప్రత్యేక సమావేశం పెట్టి, ఎవరికి నచ్చింది వాళ్లు వేసుకోవచ్చని ఓటు వేశారు. చూశారా! బట్టల మీద మాట పడనిది ఏ దేశపు ఆడపిల్లకూ లేదు. తేడా ఒక్కటే. వాళ్లు మాట్లాడడానికి వాళ్లకంటూ సంఘం ఉంది, ఓటు ఉంది. మన పెద్దత్తల జట్టుకు ఏముంది?

పోనీ, మనకు చరిత్ర లేదా అంటే, దేశానికి చూపించుకోగలిగినంత ఉంది. హిందూపురం నుంచి పదిహేను కిలోమీటర్లు పోతే లేపాక్షి. అచ్యుతదేవరాయల కాలంలో విరూపణ్ణ, వీరణ్ణ అన్నదమ్ములు కట్టించిన వీరభద్రుడి గుడి. 2022లో యునెస్కో తాత్కాలిక జాబితాకెక్కింది కూడా. ఆ నాట్యమండపంలో ఈసారి కాస్త నిదానంగా నిలబడి చూడండి. నడుమ ఆడుతున్నది రంభ. బ్రహ్మ మద్దెల పట్టుకున్నాడు. తుంబురుడు పక్కన ఉన్నాడు. మూడు కాళ్ల భృంగి నాట్యం చెబుతున్నాడు. అంటే ఆడది ఆడుతుంటే దేవుళ్లు పక్కవాద్యాలు! ఐదు వందల ఏళ్ల కిందట రాయి చెక్కినవాళ్లకు తోచిన ఈ సంగతి, ఇప్పుడు కార్యక్రమాల పట్టిక రాసేవాళ్లకు ఎందుకు తోచదు?

అచ్యుతరాయల కాలంలోనే న్యూనిజ్ అనే పోర్చుగీసు గుర్రాల వర్తకుడు విజయనగరంలో ఉన్నాడు. రాజుగారి కొలువులో కుస్తీ పట్టే ఆడవాళ్లున్నారని, లెక్కలు రాసే ఆడవాళ్లున్నారని రాసి పెట్టాడు. 1565 యుద్ధం తర్వాత ఆ రాజ్యమే పెనుకొండకు తరలి వచ్చింది. గగన్ మహల్ ముందు నిలబడి ఫొటో దిగే ఆడపిల్లలకు ఈ కుస్తీ ఆడవాళ్ల సంగతి చెప్పినవాళ్లు ఎవరైనా ఉన్నారా? రాజుల పేర్లూ యుద్ధాల ఏళ్లూ బట్టీ పట్టించాం, అంతే.

ఇక ధర్మవరం. పట్టుచీర అనగానే అందరికీ మగ్గం మీద కూర్చున్న మనిషే కనిపిస్తాడు. కండెలు చుట్టేదెవరు? తెగిన పోగు అతికేదెవరు? పొయ్యి మీద అన్నం ఉడుకుతుంటే ఒక కన్ను అటు, ఒక కన్ను ఇటు వేసి ఇంట్లో ఆడవాళ్లు చేసే పని అది. ప్రదర్శనలో చీర ఉంటుంది, నేసినాయన పేరు ఉంటుంది. ఆమె పేరు ఉండదు. ఎందుకంటే అది 'ఇంటి పని' కదా!

ధర్మవరం దగ్గరే నిమ్మలకుంట. తోలుబొమ్మల ఊరు. ఆ ఊరి దళవాయి చలపతిరావు గారికి 2020లో పద్మశ్రీ వచ్చింది. మన జిల్లాకే గర్వం. తోలుబొమ్మలాట ఇంటిల్లిపాదీ ఆడే ఆట. తెర వెనక సీతకూ, ద్రౌపదికీ, నవ్వించే బంగారక్కకూ గొంతు ఇచ్చేది ఆ ఇళ్ల ఆడవాళ్లే. బొమ్మకు రంగులద్దడంలోనూ వాళ్ల చెయ్యి ఉంటుంది. తెర మీద నీడ పడుతుంది, తెర వెనక మనిషి కనపడదు. ఆట నియమం అది, సరే. ఆట అయ్యాకైనా తెర ఎత్తి, "ఇదిగో, ఇంతసేపూ మిమ్మల్ని నవ్వించిన బంగారక్క ఈమే" అని చూపించవచ్చు కదా?

ఈ మాట అడిగినందుకు నన్ను కొత్త పోకడల మనిషి అనుకోవద్దు. మన ప్రాంతంలో ఈ ప్రశ్న పాతదే. ఆంధ్ర నాటక పితామహుడని పేరుపడ్డ ధర్మవరం రామకృష్ణమాచార్యులు ధర్మవరంలో పుట్టినవారే. ఆయన మేనల్లుడు బళ్లారి రాఘవ. మగవాళ్లు మీసాలు తీసేసి ఆడవేషం కట్టే రోజుల్లో, ఆడవాళ్ల వేషాలు ఆడవాళ్లే వెయ్యాలని పట్టుబట్టిన మనిషి. ఊరికే చెప్పి ఊరుకోలేదు. కొమ్మూరి పద్మావతీదేవి వంటివారిని వేదిక మీదికి తెచ్చి, పక్కన నిలబడి నటించారు. ఎన్ని మాటలు పడ్డారో! రాఘవ గారు 1946లో పోయారు. అన్నేళ్ల కిందటే ఆడవాళ్లను వేదిక మీదికి తెచ్చారు. మనం ఇప్పుడు అదే వేదిక మీద వాళ్లకు రెండు నిమిషాలిస్తున్నాం.

లేపాక్షిలో 2016లోనూ, 2018లోనూ రెండేసి రోజులు పెద్ద ఉత్సవాలు జరిగాయి. జనం పోటెత్తారు. ఊరి పేరు రాష్ట్రమంతా తెలిసింది. అలాంటివి జరగాలి. ఒక ఏడు జరిగి రెండేళ్లు ఆగిపోకుండా ఏటా జరగాలి. ఒక్క లేపాక్షిలోనే కాదు, పెనుకొండలో కోట కింద, ధర్మవరంలో నేతన్నల వీధుల్లో కూడా జరగాలి. లేపాక్షికి దగ్గరి హిందూపురం, పెనుకొండ, ధర్మవరం ఒకే రైలు దారి మీద ఉన్నాయి. ఒక శనివారం ఇక్కడ, ఒక ఆదివారం అక్కడ పెట్టుకుంటే ఎంత బాగుంటుంది!

కానీ ఆ ఉత్సవాల్లో ఆడవాళ్ల వంతు ఏమిటన్నదే నా ప్రశ్న. ముగ్గుల పోటీ, వంటల పోటీ, గోరింటాకు పోటీ. కాదంటే కుర్చీలాట. ముగ్గు మీద నాకు కోపం లేదు. మా వాకిట్లో రోజూ ముగ్గు నేనే వేస్తాను. కానీ ఇంట్లో చేసే పనే బజార్లో చేయించి, గిన్నె చేతిలో పెట్టి, 'మహిళలకు కూడా కార్యక్రమాలు జరిపాం' అని రాసుకుంటే ఎలా? ఆటల పోటీలంటే కబడ్డీ, వాలీబాల్ మగపిల్లలకు. అమ్మాయిలకు ఎందుకు పెట్టలేదంటే "ఎవరొస్తారమ్మా?" అంటారు. 2025 జనవరిలో ఢిల్లీలో జరిగిన మొదటి ఖోఖో ప్రపంచ కప్పు మన దేశపు ఆడపిల్లలు గెలిచారు. ఖోఖో ఎక్కడి నుంచో దిగుమతి అయిన ఆట కాదు, మన బడి దొడ్లో ఆడిన ఆటే. పిలిస్తే కదా వచ్చేది!

"సినిమా పాటలు లేకపోతే జనం రారు" అని ఇంకో మాట ఉంది. ఇందులో నిజం లేకపోలేదు. సినిమా పాటంటే నాకూ ఇష్టమే, వద్దనడం లేదు. కానీ తెల్లవార్లూ చెక్కభజన జరిగే పల్లెల్లో జనం నిద్ర మాని ఎందుకు కూర్చుంటారు? ఆడేవాడు మనోడు కాబట్టి. పెనుకొండ బాబయ్య ఉరుసుకు హిందువులూ ముస్లిములూ పిల్లాపాపలతో తరలి వచ్చేది ఏ సినిమా పాట కోసం? పదహారు మంది ఆడవాళ్లు వేదికెక్కితే, వాళ్ల కోడళ్లు, మనవళ్లు, పక్కింటివాళ్లు కలిపి రెండు వందల మంది కింద కూర్చుంటారు. పదకొండున్నరకు కాదు, ఏడింటికి పిలిస్తే!

ఇంకొకరు "రాత్రిపూట ఆడవాళ్లకు ఇబ్బంది కదా, వాళ్లే రారు" అంటారు. ఎందుకు రారో వాళ్లనే అడగండి. చీర మార్చుకోవడానికి గది ఉండదు. మరుగుదొడ్డి ఉండదు, ఉంటే తాళం ఉంటుంది. రాత్రి ఊరికి బస్సు ఉండదు. ఇవన్నీ లేకుండా చేసి, 'వాళ్లే రారు' అనడం వంట చెయ్యకుండా 'వాళ్లకు ఆకలి లేదు' అన్నట్టుంది.

కాబట్టి ఈసారి మన ఊళ్లలో ఎవరైనా ఉత్సవం తలపెడితే ఈ నాలుగు మాటలు అడుగుదాం. ఊరి జట్లకు మొదటి వేళ ఇవ్వండి, కనీసం ఇరవై నిమిషాలు. ఆడిన రోజే, ఆడిన చోటే డబ్బు చేతిలో పెట్టండి, శాలువాతో బియ్యం రావు. వారం ముందు నుంచి బడుల్లో కోలాటం, తోలుబొమ్మ, ఖోఖో నేర్పించండి, నేర్పే పని పెద్దత్తలకే అప్పగించండి. గదీ, మరుగుదొడ్డీ, తిరుగు బస్సూ ముందు చూసి ఆ తర్వాత రంగు దీపాలు కట్టండి. ఇవన్నీ జరగాలంటే కమిటీలో సగం మంది ఆడవాళ్లుండాలి. జ్యోతి వెలిగించడానికి కాదు, పట్టిక రాయడానికి.

మనం చేయాల్సింది కూడా ఒకటుంది. ఖోఖో ఆడతానని నిక్కరు వేసుకున్న కూతురిని "అందరూ చూస్తారు" అని ఆపేది చాలాసార్లు మనమే. "ఈ వయసులో కోలాటమేంది" అని అత్తను వెటకారం చేసేదీ మనమే. ముందు మన వాకిలి దాటనిద్దాం. వేదిక సంగతి ఆ తర్వాత గట్టిగా అడగొచ్చు.

నిన్న పెద్దత్తకు ఐర్లండు ముసలమ్మ సంగతి చెప్పాను. కాసేపు ఏమీ అనలేదు. అటక మీద నుంచి కోలలు దింపి, కొంగుతో దుమ్ము తుడిచింది. "మీ చెల్లెలు ఈసారి ఫోన్ చేస్తే అడుగు. మనవరాళ్లకు నేర్పితే ఆ ఊళ్లో ఏమన్నా ఇస్తారా, ఊరికేనా?" అంది.

ఊరికేనట, పెద్దత్తా. కానీ ఎవరూ రెండు నిమిషాల్లో కానిచ్చేయమని మాత్రం అనరట.