పతకం ఏం లెక్కపెట్టాలి?



ఆరో తరగతిలో ఈ హాస్టల్లో చేరిన రోజు నా చేతిలో ఉన్నది మా మామయ్య ఇచ్చిన నల్ల ట్రంకు పెట్టె. మూత మీద తెల్ల పెయింటుతో ఆయన నంబరు, పేరు ఉండేవి. మామయ్య 1995లో సైన్యంలో సిపాయిగా చేరి, 17 ఏళ్లు చేసి 2012లో ఇంటికి వచ్చాడు. పెట్టె నాకిచ్చేముందు అడుగున ఉన్న చిన్న గుడ్డమూట మాత్రం తీసి దాచుకున్నాడు. నేను డిగ్రీ పాసై మా ఇంట్లో మొదటి పట్టభద్రుణ్ణి అయిన రోజున ఆ మూట విప్పి చూపించాడు. అందులో ఆయన పతకాలున్నాయి. "ఏది దేనికి మామయ్యా?" అని అడిగాను. ఆయన చెప్పినది, తర్వాత నేను లైబ్రరీలో చదివినది కలిపి నా అభిప్రాయం రాస్తున్నాను.

పతకం ఇచ్చే నిబంధన ఎప్పుడూ మనిషిని ఒక ప్రశ్న అడుగుతుంది. ఆ ప్రశ్న న్యాయమైనదైతే పతకానికి విలువ ఉంటుంది.

బ్రిటిష్ వారు 1856లో విక్టోరియా క్రాస్ పెట్టారు. వారి సైన్యంలో అదే అన్నిటికంటే పెద్ద పతకం. కానీ భారతీయ సిపాయి ఎంత సాహసం చేసినా 1911 వరకు దానికి అర్హుడు కాడు. అతనికి వేరే పతకం ఉండేది. అంటే ఆ నిబంధన మొదట అడిగింది "ఏం చేశావు?" అని కాదు, "ఎవరివి?" అని. ఈ ప్రశ్న ఎలా ఉంటుందో మన హాస్టల్ పిల్లలకు ఎవరూ విడమరిచి చెప్పనక్కర్లేదు. 1911లో నిబంధన మారింది. దాదాపు మూడేళ్లకు, 1914 అక్టోబరు 31న బెల్జియంలో తోటివారంతా చనిపోయినా, తాను గాయపడినా మెషిన్‌గన్ వదలని సిపాయి ఖుదాదాద్ ఖాన్‌కు ఆ పతకం వచ్చింది. ధైర్యం అంతకుముందూ ఉంది. అడ్డు ఉన్నది నిబంధనలోనే.

స్వతంత్ర భారతం 1950 జనవరి 26న పరమవీర చక్రను నెలకొల్పింది. శత్రువు ఎదుట చూపిన అసాధారణ సాహసానికి ఇచ్చే ఈ పతకానికి అన్ని హోదాలవారూ అర్హులే. ఇప్పటివరకు 21 మందికి ఇస్తే అందులో 14 మందికి మరణానంతరం దక్కింది. 1999 కార్గిల్ యుద్ధంలో నలుగురికి వచ్చింది. ఇద్దరు అధికారులు, ఇద్దరు మామూలు జవాన్లు. ఆ జవాన్లలో యోగేంద్ర సింగ్ యాదవ్ వయసు అప్పటికి 19 ఏళ్లు. మన ఇంటర్ తమ్ముళ్లకంటే ఒకటి రెండేళ్లు పెద్ద, అంతే. ఈ నిబంధన అడిగేది ఒక్కటే: "ఏం చేశావు?"

సాహసానికి కాక, చేసిన సేవకు ఇచ్చే పతకాలు వేరే ఉన్నాయి. మామయ్య మూటలో ఉన్నవి అవే. తొమ్మిదేళ్లు సక్రమంగా పనిచేస్తే ఒకటి, 20 ఏళ్లకు ఒకటి, 30 ఏళ్లకు ఒకటి. వీటికీ హోదా అడ్డు కాదని రాసి ఉంది. కానీ ప్రమోషన్ రాని సిపాయి 20 ఏళ్లు నిండకముందే రిటైరవ్వాలి. కాగితం మీద అందరిదీ అయిన పతకం ఆచరణలో అతని చేతికి అందదు. మామయ్య దగ్గర తొమ్మిదేళ్లది ఉంది, ఇరవై ఏళ్లది లేదు. దానికి ఆయన బాధపడలేదు. "మనకు రాసిపెట్టింది అంతేరా" అన్నాడు. రాసింది దేవుడు కాదు మామయ్యా, నిబంధన అన్నాను.

ఇప్పుడు మన తమ్ముళ్ల సంగతికి వద్దాం. 2022లో అగ్నిపథ్ పథకం వచ్చింది. నాలుగేళ్ల సర్వీసు. తర్వాత 25 శాతం వరకే కొనసాగిస్తామని అప్పుడు ప్రకటించారు. అగ్నివీరులు శౌర్య పతకాలకు అర్హులే. ఎత్తైన కొండల్లో నిర్ణీత రోజులు పనిచేస్తే ఆ పతకమూ వస్తుంది. కానీ నాలుగేళ్లు మచ్చలేకుండా చేసి ఇంటికి వచ్చేవాడికి తొమ్మిదేళ్ల పతకం ఎలా వస్తుంది? ఎక్కువ కాలం చేయనని అతను అనలేదు కదా!

పతకం ఊరికే పంచితే విలువ పోతుందని కొందరు అంటారు. నిజమే. అయితే స్వాతంత్ర్య స్వర్ణోత్సవ పతకాన్ని 1997 ఆగస్టు 15 నాటికి సర్వీసులో ఉన్నవారందరికీ ఇచ్చారు. మామయ్య చేరి రెండేళ్లకే అది అందుకున్నాడు. ఆ రోజున సర్వీసులో ఉన్నందుకు పతకం ఇవ్వగలిగినప్పుడు, నాలుగేళ్లు పూర్తి చేసినందుకు ఇవ్వడం ఎలా తప్పవుతుంది? తొమ్మిది, ఇరవై, ముప్పై అలాగే ఉండనివ్వండి. ఒప్పుకున్న కాలాన్ని సత్ప్రవర్తనతో పూర్తి చేసిన ప్రతి సైనికుడికీ, అది నాలుగేళ్లయినా పదిహేడేళ్లయినా, ఒక పతకం ఉండాలి. లెక్కపెట్టాల్సింది ఇచ్చిన మాట నిలబెట్టుకున్నాడా లేదా అన్నది.

2025 మే నెలలో శ్రీ సత్యసాయి జిల్లా కల్లితండాకు చెందిన అగ్నివీర్ మురళీ నాయక్ నియంత్రణ రేఖ దగ్గర ప్రాణాలర్పించాడు. దాదాపు నా ఈడువాడే. సర్వీసు ఎన్నేళ్లయిందని తూటా అతన్ని అడగలేదు.

ఈ రోజుకీ మన హాస్టల్లో తెల్లవారుజామున నాలుగున్నరకు లేచి, టిఫిన్ గంట కొట్టేలోపు గ్రౌండులో 1600 మీటర్లు పరుగెత్తే తమ్ముళ్లున్నారు. చాలామందికి సరైన బూట్లు కూడా లేవు. తమ్ముళ్లూ, బాగా పరుగెత్తండి. దాంతోపాటు నిబంధనలు కూడా చదవండి. మనకు తగలకుండా పోయే నిబంధన ఏదో తెలిస్తేనే దాన్ని మార్చమని అడగగలం. 1911లో ఒకటి మారింది. ఇది కూడా మారుతుంది.

మామయ్య ట్రంకు పెట్టె ఇప్పటికీ నా దగ్గరే ఉంది. పేరు మీద పెయింటు కొంచెం రాలింది కానీ, నంబరు చదవడానికి వస్తుంది.