మన గదిలో దాచిన ఆభరణం

ఆడవాళ్ళకి గళ్ళ నుడికట్టు వేస్తే సులువుగా వుండేవి వేయాలిట. పెద్దలు అలా సెలవిస్తున్నారు. "చంద్రుడికి మరో పేరు", "రాముడి తమ్ముడు", "చారులో వేసే పప్పు" - ఇలాంటివన్నమాట. పైకి ఒకటి చెప్పి లోపల ఇంకొకటి దాచే చమత్కారపు ఆధారాలు మాత్రం ఆదివారం పూట మగవారు పడక్కుర్చీలో వాలి, పెన్సిలు నములుతూ పూరించుకోవలసినవిట. మా చిన్న మరిది అయితే ఎంతో మర్యాదగా, "మీకెందుకొదినా ఈ తలనొప్పి? కాస్త కాఫీ పెట్టండి, నేను చేసి చూపిస్తాను" అంటాడు. కాఫీ పెట్టడం తలనొప్పి కాదని అతని నమ్మకం.

నేననేది ఏమిటంటే, సులువని పేరుపెట్టి మన చేతికిచ్చేవే అసలు కష్టమైనవి. పైగా వాటిలో న్యాయం తక్కువ. "చంద్రుడు, మూడు గళ్ళు" అన్నారనుకోండి. జాబిలా? సోముడా? రేరాజా? మూడూ సరిపోతాయి. అడ్డం తెలిస్తేగాని నిలువు తేలదు, నిలువు తేలితేగాని అడ్డం తెలియదు. ఇందులో మన తెలివికి పనేముంది, సరైనదేదో కూర్పరిగారి మనసులో వుండగా!

ఇప్పుడు రెండోరకం చూడండి. "మన గదిలో దాచిన ఆభరణం, రెండు గళ్ళు." ఇలాంటి ఆధారంలో ఏదో ఒక కొసన తిన్నగా అర్థం వుంటుంది. ఇక్కడ చివరి మాట, "ఆభరణం". మిగిలింది అది ఎక్కడుందో చెప్పే దారి. "మన గది" అన్న రెండు మాటల్నీ కలిపి అక్షరం అక్షరం చదవండి. మ-న-గ-ది. బీరువా తాళాలు అక్కర్లేదు, నడుమ "నగ" వుండనే వుంది. అర్థమూ కుదిరింది, దారీ కుదిరింది. ఇక ఇది ఒప్పా తప్పా అని వచ్చే వారం దాకా ఎదురుచూసే పనిలేదు.

"చీకటికి ముందు వచ్చే బండి, రెండు గళ్ళు" అంటే మీకు సాయంత్రం ఆరింటి పాసింజరు గుర్తొస్తుంది. రావాలనే అలా రాశారు. చీకటి అనే మాటకి ముందు ఏం చేరుతుందో చూస్తే కారుచీకటి. బండీ కారే.

ఈ విద్యకి మనకి వేరే తర్ఫీదు కావాలా చెప్పండి? అత్తగారు పనిమనిషితో "పొద్దెక్కేదాకా పక్క దిగని మహారాణులూ వుంటారే అమ్మా" అంటే, మాట ఎటు చూస్తోందో, జవాబు ఎవరో తెలియని కోడలుందా? పెళ్ళిచూపుల్లో "మాకేమీ అక్కర్లేదండీ, మీ అమ్మాయికి మీరు పెట్టుకునేది మీ ఇష్టం" అన్న వాక్యంలో ఎన్ని తులాలున్నాయో లెక్కకట్టిన తల్లికి, "మన గది"లో నగ కనిపించదంటే నేను నమ్మను.

కొన్ని ఆధారాలు మరీ ముద్దుగా వుంటాయి. "తలకిందులైతే తీగ" అని నిలువుగా రెండు గళ్ళు. "తల" అన్న మాటనే కిందనుంచి పైకి రాయండి. లత. "వరస తప్పితే గిడుగువారు నేర్చిన భాష", మూడు గళ్ళు. వరస అనగానే మేనత్తలూ పినమామలూ కళ్ళముందు మెదులుతారు గాని, ఇక్కడ వరస తప్పింది అక్షరాలు. వ-ర-స కాస్తా సవర అయింది.

అయితే కూర్పరి మోసం చేయకూడదు. దాచవచ్చు, అబద్ధం ఆడకూడదు. ఇంగ్లండులో ఈ కట్టుబాటును జిమెనీస్ అనే కలంపేరుతో మాక్‌నట్ అనే ఆయన 1966లో ఒక పుస్తకంగానే రాశాడు. మనకీ అవసరమే. "సరదా తారుమారైతే పండుగ" అని ఆధారమిచ్చి జవాబు "దసరా" అంటే నేనొప్పుకోను. స-ర-దా ఎక్కడ, ద-స-రా ఎక్కడ? తెలుగులో ఒక్కో గడిలో గుణింతంతో సహా నిండు అక్షరం కూర్చుంటుంది. దా మీది దీర్ఘాన్ని పీకి ర మీద పెట్టడానికి ఎవరిచ్చారు అధికారం?

ఇహ, ఇదంతా కాలం తగలెయ్యడమనీ, జూదమనీ దెప్పేవాళ్ళున్నారు. కాలం సంగతి ముందు చెబుతాను. ఈ గళ్ళ పిచ్చి శుద్ధ దండగని 1924లో తిట్టిపోసిన న్యూయార్క్ టైమ్స్ పత్రికే 1942లో తానూ వేయడం మొదలెట్టింది. దానికి మొదటి సంపాదకురాలు మార్గరెట్ ఫారర్. ఆడమనిషే!

జూదమన్న మాటకి మన దేశంలో చరిత్ర వుంది. వెనకటికి వేలకి వేలు బహుమతులు చూపించి రుసుములు గుంజిన పోటీలు ఎక్కువైతే, వాటిని అదుపు చేయడానికి 1955లో చట్టం తెచ్చారు, నెలకి వెయ్యి రూపాయలు మించిన బహుమతులు కూడదని. నేర్పు మీద నడిచే పోటీలకి ఆ చట్టం వర్తించదని 1957లో సుప్రీంకోర్టు తేల్చింది. మరి జాబిలా, సోముడా అని చీటీ ఎత్తినట్టు రాయించేది నేర్పా, "మన గది"ని విప్పించేది నేర్పా? న్యాయంగా చెప్పండి.

శ్రీశ్రీ పదబంధ ప్రహేళిక అన్నా, ఆరుద్ర గళ్ళ నుడికట్టు అన్నా, మగవారికి మాత్రమే అని పైన బోర్డు కట్టలేదు. అంచేత సంపాదకులకి నా మనవి: మా పేజీలో రాముడి తమ్ముళ్ళని ఇంతటితో మానండి. రోజుకో అరగంట మేమూ తల పనిచేయించుకుంటాం. ఆ అరగంటలో కూర మాడితే మాడుతుంది.

నమ్మకం లేకపోతే ఈ ఒక్కటీ మీ పాఠకురాళ్ళ ముందు పెట్టి చూడండి: "సూర్యుడు వచ్చాక కమలం మొదలైతే చీరకు జత." మూడు గళ్ళు. జవాబు కింద తలకిందులుగా అచ్చు వేయక్కర్లేదు.