పౌరసత్వము - నివాస దినముల గణన

"ముల్కీ" అను మాట హైదరాబాదు వారికి క్రొత్తది కాదు. 1919వ సంవత్సరమున నిజాము ప్రభుత్వ మేర్పరచిన నిబంధనల ప్రకారము, ఈ రాజ్యమున పుట్టనివాడు సర్కారు కొలువున చేరవలెనన్న పదునైదు సంవత్సరములు ఇచ్చట స్థిరనివాసము చేసియుండవలెను. అంతియేగాక, తన పూర్వపు ఊరికి మరలిపోవు తలంపును విడిచితినని ప్రమాణపత్రము వ్రాసి యీయవలెను. ఆ నిబంధనలను గూర్చి 1952లోను, 1969లోను మన నగర వీథులలో నెత్తురు చిందినది. 1972 అక్టోబరులో అవి చెల్లునని సుప్రీముకోర్టు తీర్పు చెప్పగా అవతలి ప్రాంతమున మరియొక యుద్యమము చెలరేగినది. అటుపిమ్మట రాజ్యాంగమున 371-డి అధికరణము చేరినది. 1974, 1975 సంవత్సరముల రాష్ట్రపతి యుత్తర్వులందు నాలుగేండ్ల లెక్క వచ్చినది. ఇచ్చటి విద్యార్థులలో స్థానికత ధ్రువపత్రమునకై తహశీలు కచేరీ మెట్లెక్కనివారు అరుదు.

మనిషి ఒక నేలకు చెందినవాడగుటకు ఎన్ని దినములు పట్టును? ఆ దినములను ఎవరు, ఏ విధముగా లెక్కింపవలెను? ఈ ప్రశ్న నేడు మన విద్యార్థులను సముద్రముల కావల ఎదురుకొనుచున్నది. ఈ కళాశాల వంటి విద్యాలయములనుండి ఏటేట వెలుపలికి పోవు యువకులలో కొందరు కెనడాకును, కొందరు అమెరికాకును, పెక్కుమంది గల్ఫు దేశములకును పోవుచున్నారు. వీసా ఎట్లు వచ్చునో, జీతమెంతయో అందరు అడుగుదురు. దినముల లెక్కను గూర్చి యడుగువారు మాకు కనబడలేదు. అందుచేతనే ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాము.

కెనడా చట్టమును ముందుగా చూతము. ఈ విషయమున దానివలె పలు రూపములు మారిన చట్టము తక్కువ. 1977లో అమలునకు వచ్చిన చట్టము, నాలుగేండ్లలో మూడేండ్లు దేశమున నివాసముండిన చాలునని చెప్పినది. అయితే నివాసమన నేమియో చెప్పలేదు. దేహము అచ్చట నుండుటయా? మనస్సు అచ్చట నుండుటయా? 1978లో ఒక విద్యార్థి వ్యాజ్యము న్యాయస్థానమునకు వచ్చెను. అతడు నోవా స్కోషియాలో ఇల్లు నిలుపుకొని, అమెరికాలోని మసాచుసెట్స్ విశ్వవిద్యాలయమున చదువుచుండెను. దేహము దూరముగానున్నను అతని జీవితమునకు కేంద్రము కెనడాయే గనుక ఆ దినములను కూడ లెక్కింపవచ్చునని న్యాయమూర్తి థర్లో తీర్పు చెప్పెను. 1992లో న్యాయమూర్తి రీడ్ ఈ భావమునే విస్తరించి, పరిశీలింపవలసిన ఆరు ప్రశ్నల నేర్పరచెను. మరుసటి సంవత్సరముననే న్యాయమూర్తి మల్డూన్ దీనికి పూర్తిగ విరుద్ధముగా, దేశమునకు దూరముగా నుండి ఆ దేశస్థుడగుట ఎట్లని ప్రశ్నించి, నేలమీద పాదముంచిన దినములే దినములని నిర్ణయించెను. 1999లో వచ్చిన మరియొక తీర్పు, ఈ మార్గములలో దేనినైనను న్యాయాధికారి ఎన్నుకొనవచ్చుననెను.

దీని ఫలితమేమి? ఒకే విధముగా బ్రదికిన ఇద్దరు మనుష్యులలో ఒకడు పౌరుడై బయటికి వచ్చును, రెండవవాడు తిరస్కృతుడై వచ్చును. భేదము వారి జీవితములలో లేదు. వారి కాగితములు ఎవరి బల్లమీదికి చేరినవో అందున్నది. మనస్సును కొలుచు న్యాయము వినుటకు ఉదారముగా నుండును. మా మిత్రులలో కొందరు దానినే మెచ్చుకొందురు; దేశప్రేమను గుమాస్తా లెక్కగా మార్చుట అల్పత్వమని వారి వాదము. మేము ఒప్పుకొనలేము. ధనవంతుడు మంచి వకీలును పెట్టుకొని తన హృదయము ఎచ్చటనున్నదో నిరూపించుకొనగలడు. రాత్రివేళ టాక్సీ నడుపువానికి హృదయమును నిరూపించు తీరిక ఎక్కడిది? వానికి అంకెయే రక్ష. ముల్కీ ప్రమాణపత్రమును చూడుడు: మరలిపోవు తలంపు విడిచితినని సంతకము చేయుట క్షణకాలపు పని, దానివలన ఎవని మనస్సును ఎవరు తెలిసికొనగలిగిరి?

కనుక అంకె మంచిదే. కాని ఏ అంకె? 2014లో కెనడా శాసనసభ చేసిన సవరణ 2015 జూన్ 11 నుండి అమలునకు వచ్చెను. దాని ప్రకారము ఆరేండ్లలో 1460 దినములు దేహముతో దేశమున నుండవలెను. విద్యార్థిగానో పనివాడుగానో గడపిన పూర్వదినములు సున్న. 2017 అక్టోబరు 11 నుండి దీనిని మరల సడలించిరి. ఇప్పుడు దరఖాస్తుకు ముందరి ఐదేండ్లలో 1095 దినములు చాలును. శాశ్వతనివాస హక్కు వచ్చుటకు ముందు చట్టబద్ధముగా గడపిన ఒక్కొక్క దినమును అరదినముగా లెక్కింతురు. అట్టి అరదినములన్నియు కలిసి 365కు మించరాదు.

ఈ అరదినముకడ కొంచెము నిలువవలెను. మన విద్యార్థి ఒకడు రెండేండ్లు చదివి, రెండేండ్లు ఉద్యోగము చేసి, ఆ పిమ్మట శాశ్వతనివాస హక్కు పొందెననుకొందము. అతడు మొదటి నాలుగేండ్లకు ఎంత పెనుగులాడినను లెక్కకు వచ్చునవి 365 దినములే. మిగిలిన 730 దినములను హక్కు వచ్చిన పిమ్మట గడపవలెను. అనగా ఆరేండ్లు ఆ మంచులో నడచినవానికి మూడేండ్లు నడచినట్లు చీటి దొరకును. ఆ నాలుగేండ్లలో అతడు విశ్వవిద్యాలయమునకు విదేశీయుల కేర్పరచిన అధిక రుసుము చెల్లించెను, జీతములో పన్ను చెల్లించెను, ఇంటి అద్దె చెల్లించెను. ఖజానావారు అతని డాలరును అరడాలరుగా లెక్కింపలేదు. దినమును మాత్రము సగము చేసిరి.

అమెరికాలో అరదినము కూడ లేదు. అచ్చట గ్రీన్ కార్డు చేతికి వచ్చిన నాటినుండి ఐదేండ్లు కొనసాగవలెను. అందు సగము, అనగా ముప్పది మాసములు, దేహముతో దేశమున నుండవలెను. ఆరు మాసములు మించి బయటనున్నచో నివాసము తెగినదేమో యను అనుమానము పుట్టును. సంవత్సరము మించినచో తెగినట్లే. ఇంతవరకు న్యాయముగానే తోచును. కాని గ్రీన్ కార్డునకు ముందు హెచ్-1బి వీసాపై గడపిన సంవత్సరములు ఈ లెక్కలోనికి రానేరావు. 1990 చట్టము ప్రకారము ఏ ఒక్క దేశమున పుట్టినవారికిని ఏటి గ్రీన్ కార్డులలో నూటికి ఏడుపాళ్లు మించరాదు. అందుచే భారతదేశమున జన్మించినవారి వరుస కదలుట లేదు. చిన్నతనమున తలిదండ్రులతో పోయిన బిడ్డ, అచ్చటి బడిలోనే చదివి, అచ్చటి యాసలోనే మాటలాడుచు, ఇరువదియొక్క యేండ్లు నిండిననాడు తండ్రి వీసా నీడను కోల్పోవును. ఆ బిడ్డ గడపిన దినములు ఏ పుస్తకములోను లేవు.

ఇక గల్ఫు. ఈ పత్రిక చదువువారిలో పలువురి యిండ్లు ఆ సొమ్ముతో నిలిచినవే గనుక విస్తరింపనక్కరలేదు. కఫాలా యను పూచీ పద్ధతిని ఇటీవల కొన్ని దేశములు సడలించినవి. అయినను మన పనివాడు ముప్పదియేండ్లు రియాదులోనో దోహాలోనో గడపినను, ఆ ముప్పదియేండ్లు తమంతట తాము ఏ హక్కునీయవు. కొలువు ముగిసిననాడు ఇఖామా ముగియును. వానికి దినములను లెక్కించు పని లేదు, లెక్కింపవలసినది పంపిన సొమ్మే. ఒక్కమాట ఆ దేశముల పక్షమున చెప్పవలెను: అవి ఆశ చూపలేదు. పోవునపుడే మరలి రావలెనని వారికి తెలియును. ఆశ చూపి వరుసలో నిలువబెట్టుటకంటె ఇది నయమా అని మేము చాలసార్లు తర్కించుకొంటిమి, ఏకాభిప్రాయమునకు రాలేదు.

పరులను విమర్శించువారు తమ యింటిని కూడ చూచుకొనవలెను. మన 1955 పౌరసత్వ చట్టము మొదట విదేశీయుని విషయమున ఉదారముగా నుండెను. దరఖాస్తుకు ముందు పండ్రెండు మాసములు ఎడతెగక, దానికి ముందరి ఏడేండ్లలో మొత్తము నాలుగేండ్లు ఉన్న చాలును. 1986లో ఆ నాలుగు తొమ్మిదయినది. 2003 సవరణతో పదునొకండయినది. 2019లో చేసిన సవరణ పాకిస్తాను, బంగ్లాదేశము, ఆఫ్‌గనిస్తానములనుండి 2014 డిసెంబరు 31 నాటికి వచ్చిన హిందువులకు, సిక్కులకు, బౌద్ధులకు, జైనులకు, పారసీకులకు, క్రైస్తవులకు ఆ పదునొకండును అయిదు చేసినది. దాని నియమములు 2024 మార్చిలో వెలువడినవి. పీడితులకు దినములు తగ్గించుట మంచిపని, దానిని మేము ఆక్షేపింపము. ఆ పేర్లలో లేని పీడితునికి పదునొకండు అట్లే నిలుచుటను మాత్రము ఆక్షేపించుచున్నాము. దినమునకు మతము లేదు. సూర్యుడు అందరికి ఒకేవేళకు ఉదయించును. ఈ చట్టమును సవాలుచేసిన వ్యాజ్యములు సుప్రీముకోర్టు మెట్లెక్కినవి. మన నగరపు అంచున బాలాపూరు గుడిసెలలో దశాబ్దమునకు పైగా తలదాచుకొన్న రోహింగ్యాలకైతే పదునొకండు కూడ అక్కరకు రాదు; అక్రమముగా ప్రవేశించినవానిగా నెంచబడిన మనిషి దినములకు మన చట్టమున గణనయే లేదు.

అయినను మన చట్టమున ఇతరులు నేర్వదగిన విషయ మొకటి కలదు. ఎడతెగని పండ్రెండు మాసములలో విశేష పరిస్థితులు కలిగినచో, కారణము వ్రాతపూర్వకముగా నమోదుచేసి, ముప్పది దినములవరకు మన్నింపవచ్చునని 2015లో సవరించిరి. తల్లి మరణశయ్యపై నున్నపుడు దూరదేశపు కుమారుడు క్యాలెండరు చూచుకొని రాకపోవుట ఎంత ఘోరము! జనాజాకు అందుకొనుటకు వచ్చి, నలువది దినముల ఫాతిహా వరకు నిలిచినవానికి, ఆ నలువది దినములు నష్టముగా వ్రాయు లెక్క లెక్కయే గాని న్యాయము కాదు. ఈ ముప్పది దినముల మన్ననను కెనడా, అమెరికాలు కూడ తమ చట్టములలో చేర్చుకొనవలెనని మా అభిప్రాయము. మోసగాండ్రు దీనిని దుర్వినియోగము చేయుదురని కొందరు భయపడుదురు. మరణ ధ్రువపత్రమును అడుగవచ్చును గదా.

మేము కోరునది పెద్ద విషయము కాదు. చట్టబద్ధముగా గడపిన దినము, అది విద్యార్థి దినమైనను, కూలి దినమైనను, మొదటి దినమునుండి నిండు దినముగా లెక్కకు రావలెను. అవసరమనుకొన్నచో మొత్తమును పెంచుకొనవచ్చును. అయిదేండ్లు కావలెనన్న అయిదేండ్లే అడుగవచ్చును. అర్ధము చేయుటకంటె అధికముగా అడుగుట గౌరవముగా నుండును.

పదముల విషయము కూడ ఒకింత స్మరింపదగినది. ఉర్దూలోని షహరియత్ "షహర్" నుండి, మన పౌరసత్వము "పురము" నుండి పుట్టినవి. రెండు భాషలవారును ఒక మనిషిని దేశముతో ముడివేయుటకు వాడు నివసించిన ఊరినే ఆధారము చేసికొనిరి. ఆంగ్లేయుల మాటయు నగరమునుండి పుట్టినదే.

తూకమున రెండవ తట్టను కూడ విద్యార్థులు చూడవలెను. 1095 దినములు పూర్తియై విదేశపు పౌరసత్వము స్వీకరించిన క్షణముననే, మన చట్టపు తొమ్మిదవ విభాగము ప్రకారము భారత పౌరసత్వము పోవును. రెండింటిని కలిగియుండుటకు వీలులేదు. విదేశీ పౌరులకిచ్చు ఓ.సి.ఐ. కార్డుతో వచ్చిపోవచ్చును, ఉండవచ్చును. ఓటు వేయరాదు, వ్యవసాయభూమి కొనరాదు. ఇక్కడ పుట్టి గడపిన ఏడువేల ఎనిమిదివేల దినములు ఒక సంతకముతో చెల్లిపోవును. కొందరికి అది లాభసాటి బేరమే, కొందరికి కాదు. తెలిసి చేయవలెనని మాత్రమే మా మాట.

కళాశాల సంఘమువారికి ఒక మనవి. విదేశములకు పోవు విద్యార్థులకు ధ్రువపత్రములు ఇచ్చునపుడు, ఒక చిన్న నోటుపుస్తకమును కూడ ఇప్పించుడు. అందు నాలుగు గళ్లుండిన చాలును: బయలుదేరిన తేదీ, చేరిన తేదీ, పోయిన దేశము, కారణము. పలు విమానాశ్రయములలో నేడు పాస్‌పోర్టుపై ముద్ర వేయుట మానివేసినారు. అయిదేండ్ల తరువాత ఏ రంజానునకు ఇంటికి వచ్చితినో, ఎన్నినాళ్లుంటినో ఎవరికి జ్ఞాపకముండును? విమానపు చీటీల నకళ్లను ఆ పుస్తకముననే అంటించుకొనవలెను. దరఖాస్తు సరిగా 1095వ నాడే పెట్టక, పది పదునైదు దినములు అధికముగా నుంచుకొని పెట్టవలెను. లెక్కలో ఒక్క దినము తక్కువపడినను దరఖాస్తు నిలువదు.