రాత్రి రెండు గంటల దొంగ

పిల్లలూ!

పెళ్ళిళ్ళలో పంక్తి భోజనాలు చూశారు గదా. అన్నం అడిగిన వాళ్ళకు అన్నం, పప్పు అడిగిన వాళ్ళకు పప్పు వడ్డించే మనిషి ఒకడు వరసల మధ్య తిరుగుతూ వుంటాడు. కంప్యూటర్లలో కూడా ఇటువంటి వడ్డనవాడు ఒకడున్నాడు. ఎవరు ఏ బొమ్మ అడిగినా, ఏ పాట అడిగినా తన దగ్గరి నుంచి తీసి అందించే కంప్యూటరును సర్వరు అంటారు.

సర్వర్లంటే గదుల నిండా వుండే పెద్ద యంత్రాలే కానక్కర్లేదు. 2012 లో ఇంగ్లండులో రాస్ప్‌బెరీ పై అనే బుల్లి కంప్యూటరు బయలుదేరింది. దాని పొడవు 85 మిల్లీమీటర్లు, వెడల్పు 56 మిల్లీమీటర్లు. అంటే మీ అరచేతిలో ఇమిడిపోతుంది. దాని అవయవాలన్నీ ఒకే పలక మీద వుంటాయి. చాలామంది ఇళ్ళల్లో, బళ్ళల్లో దానిని చిన్న సర్వరుగా వాడుకుంటున్నారు.

మా ఇంట్లోనూ అటువంటిది ఒకటి వున్నది. ఇంటిల్లిపాది ఫోటోలూ అందులోనే వున్నాయి. అంతకంటె విలువైనవి మరికొన్ని వున్నాయి. మా నాన్నగారు పోకముందు మా అక్కయ్య కొడుక్కు రోజూ రాత్రి కథలు చెప్పేవారు. ఆ కథలను ఆయన గొంతుతోనే రికార్డు చేసి అందులో దాచాము.

ఒకనాటి ఉదయం చూస్తే ఆ సర్వరు ఆగిపోయి వున్నది. మళ్ళీ బయలుదేరదీశాను. పగలంతా చక్కగా పని చేసింది. మర్నాడు ఉదయం మళ్ళీ ఆగి వున్నది. మూడో నాడూ అంతే. నాన్నగారి కథలలో రెండు ఎంత ప్రయత్నించినా తెరుచుకోలేదు.

ఇంట్లో అందరూ మా మేనల్లుడి మీద పడ్డారు. వాడికి పన్నెండేళ్ళు. ఎప్పుడూ దాని చుట్టూ తిరుగుతూ, ఏదో ఒకటి నొక్కుతూ వుంటాడు. “నువ్వే ఏదో చేసి వుంటావురా. తాతయ్య మాటలు పోగొట్టావు గదరా!” అన్నది మా అమ్మ. నేను కూడా వాణ్ణి గట్టిగానే కోప్పడ్డాను.

వాడు కళ్ళనీళ్ళు తుడుచుకుని, “మామయ్యా, అది ఎన్ని గంటలకు ఆగిపోతున్నదో నువ్వు చూశావా?” అన్నాడు.

చూడలేదు! నాకు సిగ్గు వేసింది. సర్వరు ప్రతి పనినీ వేళతో సహా ఒక పద్దులో రాసుకుంటూ వుంటుంది. దానిని లాగు అంటారు. ఆ పద్దు తెరిచి చూశాము. మూడు రోజులూ ఆఖరి మాట రాత్రి రెండు గంటలు దాటి ఒకటి రెండు నిమిషాలకే వున్నది. ఆ తరవాత ఏమీ లేదు.

“రెండింటికి నేను నిద్రపోతున్నాను గదా!” అన్నాడు వాడు.

మరి ఆ వేళకు మేలుకుని వున్నదెవరు? సర్వరే. రోజూ రాత్రి రెండు గంటలకు అది తనలో వున్నవన్నీ ఒక హార్డ్ డిస్కులోకి నకలు తీస్తుంది. ఆ పని మేమే అప్పగించాము. అంటే ఆ దొంగ ఎవరైనా గానీ, నకలు తీసే వేళ చూసి వస్తున్నాడన్నమాట.

ఇప్పుడు మీరొక సంగతి గుర్తు తెచ్చుకోండి. రాత్రిపూట ఇంట్లో బోరు మోటారు వేసినప్పుడు దీపం ఒక్క క్షణం మసకబారటం మీలో కొందరు చూసే వుంటారు. దీపంలో ఏ దోషమూ లేదు. మోటారు కదలటానికి ఒక్కసారిగా ఎక్కువ కరెంటు లాగింది. అందువల్ల దీపం దాకా వచ్చిన వోల్టేజి కొంచెం తగ్గింది. అంతే. దీపం మసకబారి మళ్ళీ వెలుగుతుంది. కాని కంప్యూటరు అలా చెయ్యలేదు. అది సెకనులో కోట్లసార్లు లెక్కలు వేస్తూ వుంటుంది. మధ్యలో తిండి తగ్గితే లెక్క తప్పుతుంది, లేదా ఉన్నపాటున ఆగిపోతుంది. అప్పుడు మెమరీ కార్డు మీద ఏదైనా రాస్తూ వుంటే ఆ రాత సగంలో పాడవుతుంది.

రాస్ప్‌బెరీ పై కి కావలసినది 5 వోల్టులు. అది 4.63 వోల్టుల కన్న తగ్గితే, “నాకు తిండి చాలటం లేదు” అని ఆ పలకే చెబుతుంది. ఎలా చెబుతుందంటారా? కంప్యూటరు తెర వుంటే దానిమీద చిన్న మెరుపు గుర్తు కనిపిస్తుంది. 3 వ, 4 వ నమూనాల పలక మీద ఎర్రదీపం ఆరి వెలుగుతుంది. కాని సర్వరుకు తెర తగిలించి వుంచరు. రాత్రి రెండింటికి ఎర్రదీపాన్ని చూసేవాళ్ళూ వుండరు. అందుకని దానిని నోరు తెరిచి అడగటానికి ఒక ఆజ్ఞ వున్నది. దాని పేరు ‘వీసీజెన్ సీఎండీ గెట్ థ్రాటిల్డ్’. దానికి జవాబుగా సున్నా వస్తే అంతా క్షేమమే.

మేము అడిగాము. సున్నా అని వచ్చింది!

“అయితే తిండి లోటు కాదు,” అన్నాను నేను.

“మామయ్యా, మనం ఇప్పుడే గదా దాన్ని బయలుదేరదీశాం. అది రాత్రి సంగతి మరిచిపోయిందేమో!” అన్నాడు మా వాడు.

వాడి మాట నిజం. సర్వరు ఆగి మళ్ళీ బయలుదేరితే ఆ లెక్క మళ్ళీ సున్నా నుంచి మొదలవుతుంది. అదీగాక, ఖాళీగా కూర్చున్నవాణ్ణి “ఆకలిగా వున్నదా?” అని అడిగితే లేదనే అంటాడు. మూట ఎత్తినప్పుడు గదా వాడి బలం తెలిసేది! అందుచేత పగలే నకలు పని మొదలుపెట్టించి, పక్కన కూర్చున్నాము. హార్డ్ డిస్కు గిర్రుమని తిరగటం మొదలైంది. ఎర్రదీపం టపటపా కొట్టుకున్నది. మళ్ళీ అడిగితే 50005 అని జవాబు వచ్చింది.

ఈ అంకెకు అర్థం వున్నది. చివరి 5 ఇప్పటి సంగతి, మొదటి 5 ఇంతకు ముందు జరిగిన సంగతి. 5 అంటే 1, 4 కలిసినది. 1 అంటే వోల్టేజి తగ్గిందని, 4 అంటే అందువల్ల పని నెమ్మది చేసుకున్నానని. వేడెక్కి నెమ్మదిస్తే ఆ 1 వుండదు. కనక ఇది జ్వరం కాదు, ఆకలే!

ఆకలి అని తెలిసింది. మరి అన్నం ఎక్కడ పోతున్నది? ఎడాప్టరు సరిగ్గా ఇవ్వటం లేదా? లేక దారిలో పోతున్నదా?

కాలువ తల దగ్గర నీళ్ళు నిండుగా పారుతున్నా, ఒక్కొక్కప్పుడు చివరి పొలానికి అందవు. తల దగ్గర నిలబడి చూసినవాడు “నీళ్ళకేం, బ్రహ్మాండంగా వున్నాయి” అంటాడు. చివరి పొలం రైతును అడిగితే గాని అసలు సంగతి తెలియదు. అందుచేత కొలత రెండు చోట్లా తియ్యాలి. తీగ మధ్యలో తగిలించే చిన్న యూఎస్‌బీ మీటర్లు దొరుకుతాయి. దానిని మొదట ఎడాప్టరు దగ్గర పెట్టాము. ఖాళీగా వున్నప్పుడూ, డిస్కు తిరిగేటప్పుడూ కూడా 5.1 వోల్టులే చూపించింది. తరవాత దానినే తీగ రెండో కొసన, పలక దగ్గర పెట్టాము. ఖాళీగా వున్నప్పుడు 4.9. డిస్కు తిరిగేటప్పుడు 4.5!

ఇంకేం, దొంగ దొరికాడు. ఎడాప్టరు మంచిదే. సర్వరు మంచిదే. రెండింటి మధ్యా వున్న తీగ వోల్టేజిని తినేస్తున్నది.

తీగ ఎలా తింటుంది? జర్మనీలో బడిపంతులుగా పని చేసిన జార్జ్ ఓమ్ అనే ఆయన 1827 లో ఒక సూత్రం ప్రకటించాడు. ప్రతి తీగా కరెంటును కొంత అడ్డుతుంది. ఆ అడ్డును ఓములలో కొలుస్తారు. తీగలో పోయే ఆంపియర్లను ఈ ఓములతో గుణిస్తే దారిలో పోయిన వోల్టులు వస్తాయి. తీగ పొడుగైతే అడ్డు ఎక్కువ, లావైతే తక్కువ.

మా తీగ 2 మీటర్ల పొడుగు. కరెంటు వెళ్ళాలి, తిరిగి రావాలి గనక 4 మీటర్ల కింద లెక్క. రెండూ కలిపి దాని అడ్డు సుమారు 0.3 ఓము. సర్వరు ఖాళీగా వున్నప్పుడు 0.6 ఆంపియరు చాలు. 0.3 ని 0.6 తో గుణిస్తే 0.18 వోల్టు. 5.1 లో అది పోతే ఇంకా 4.92 మిగులుతుంది. ప్రమాదం లేదు. కాని డిస్కు తిరిగేటప్పుడు మొత్తం 2 ఆంపియర్లు కావాలి. 0.3 ని 2 తో గుణిస్తే 0.6. 5.1 లో 0.6 పోతే 4.5. ఇది 4.63 కన్న తక్కువ! పగలంతా మంచివాడుగా వున్న తీగ రాత్రి రెండింటికి దొంగ కావటానికి కారణం ఇదే.

ఆ లావు తీగే మరొకటి పొట్టిది తెచ్చి పెట్టాము. ఇంకేదీ మార్చలేదు. ఒకేసారి రెండు మార్చితే ఏది రోగమో, ఏది మందో తెలియదు గదా. పలక దగ్గర వోల్టేజి 4.8 కన్న తగ్గలేదు. ఆ రాత్రి నకలు పూర్తి అయింది. మర్నాడు అడిగితే సున్నా అని జవాబు వచ్చింది. ఈసారి ఆ సున్నాను నమ్మవచ్చు!

ఇక్కడ మీకు ఇంకో మోసం కూడా చెప్పాలి. ఎడాప్టరు మీద 65 వాట్లు అని పెద్ద అంకె చూసి మురిసిపోకండి. వోల్టులను ఆంపియర్లతో గుణిస్తే వాట్లు వస్తాయి. లాప్‌టాపు కోసం చేసిన ఎడాప్టరు 20 వోల్టుల దగ్గర 65 వాట్లు ఇచ్చినా, 5 వోల్టుల దగ్గర 3 ఆంపియర్లే ఇవ్వవచ్చు. రాస్ప్‌బెరీ పై 4 కు 3 ఆంపియర్లు చాలు. పై 5 కు మాత్రం 5 ఆంపియర్ల ఎడాప్టరు తయారు చేశారు. ఎడాప్టరు మీద చిన్న అక్షరాలలో 5 వోల్టుల పక్కన ఏ అంకె వున్నదో అది చదవాలి. హార్డ్ డిస్కుకు దాని సొంత ఎడాప్టరు వుంటే మరీ మంచిది. అప్పుడు పాపం బుల్లి సర్వరు తన అన్నంలోంచి దానికి పెట్టనక్కర్లేదు.

ఒక హెచ్చరిక! గోడలోని ప్లగ్గులో 230 వోల్టులుంటాయి. ఎడాప్టరును ఎన్నడూ విప్పకూడదు. పలక మీద వున్న సూదుల మీద మీటరు ముల్లు పెట్టవద్దు. 5 వోల్టుల సూది పక్కనే 3.3 వోల్టుల సూది వుంటుంది. ముల్లు జారి రెండూ కలిస్తే పలక ప్రాణం పోతుంది. ఏ కొలత తీసినా ఇంట్లో పెద్దవాళ్ళను పక్కన వుంచుకోండి.

ఇంతకూ ఆ తీగను ఇంటికి తెచ్చిందెవరో మీకు చెప్పలేదు. నేనే! మా మేనల్లుడి చేతికి అందకూడదని సర్వరును అలమార పైకి ఎక్కించాను. దానితో వచ్చిన ఎడాప్టరు తీగ అంత ఎత్తుకు అందలేదు. అందుకని వేరే ఎడాప్టరూ, 2 మీటర్ల సన్న తీగా కొన్నాను. వాడు పాడు చేస్తాడని భయపడి, నేనే పాడు చేశాను. నకలు తీసే పనే రోజూ ఆగిపోయింది గనక ఆ రెండు కథలకూ నకలు లేదు. అవి ఇక రావు.

ఈ సంగతి మా అమ్మకు చెప్పాను. ఆమె మనవణ్ణి దగ్గరకు తీసుకుని, “నిన్ను అనవలసింది కాదురా నాయనా,” అన్నది. వాడు కాసేపు ఆలోచించి, “అమ్మమ్మా, ఆ రెండు కథలూ నాకు వచ్చును. నేను చెబుతాను, రికార్డు చెయ్యండి,” అన్నాడు.

అలాగే చేశాము. సర్వరు ఇప్పుడు అలమార కింది అరలో, వాడి చేతికి అందేచోటనే వున్నది.

ఇక మీకొక లెక్క. ఎడాప్టరు 5.1 వోల్టులు ఇస్తున్నది. రానూ పోనూ కలిపి తీగ అడ్డు 0.2 ఓము. సర్వరూ, డిస్కూ కలిసి 2 ఆంపియర్లు లాగితే పలకకు అందేది ఎంత? ఇంకొక డిస్కు తగిలించి 3 ఆంపియర్లు లాగితే ఎర్రదీపం ఏమంటుంది? జవాబులు వచ్చే నెలలో చూసుకోండి.