స్పీడు లెక్కకూ ముద్ర ఉండాలి

నిజామాబాద్, బోధన్ ప్రాంత డ్రైవర్లకు, వాహన యజమానులకు, బడి యాజమాన్యాలకు, అధికారులకు విజ్ఞప్తి

చెరకు పండించే బోధన్ ప్రాంతానికి కాంటా విలువ ఒకరు చెప్పనక్కర్లేదు. 2015 డిసెంబరులో శక్కర్‌నగర్ నిజాం షుగర్స్ మూతపడ్డాక చెరకు ఏ ఫ్యాక్టరీకి తోలినా, అక్కడి వేబ్రిడ్జికి తూనికలు కొలతల శాఖ తనిఖీ, ముద్ర తప్పనిసరి. వాహనాల వేగం కొలిచే రాడార్ పరికరాలకూ అదే ముద్ర ఉండాలని కేంద్రం 2025 జూలై 1 నుంచి నియమం తెచ్చింది. కానీ బస్సులో, క్యాబ్‌లో, లారీలో బిగించిన జీపీఎస్ పెట్టె పంపే స్పీడు ఆ రాడార్ నియమం కిందికి రాదు. ఆ అంకె చూసి యజమాని డ్రైవరు జీతం కోస్తే, అది సరైనదో కాదో తేల్చుకునే దారి డ్రైవరుకు లేదు. ముద్ర లేని కాంటాతో చెరకు తూయనివ్వని మనం, తనిఖీ లేని అంకెతో మనిషిని శిక్షించనివ్వకూడదు.

జీపీఎస్ పనికిరాదని మా వాదన కాదు. ఆకాశం అడ్డు లేకుండా కనిపించే రోడ్డు మీద, ఒకే వేగంతో సాగే బండికి డ్యాష్‌బోర్డు మీటరు కంటే అదే నమ్మదగింది. సుమారు 20,200 కిలోమీటర్ల ఎత్తున తిరిగే ఉపగ్రహాల సంకేతంలో, కదలిక వల్ల వచ్చే పౌనఃపున్యం తేడాను కొలిచే మంచి రిసీవరు, అలాంటి చోట గంటకు ఒక కిలోమీటరు తేడా లోపే వేగం చెప్పగలదు. మీటరుకు మాత్రం ఐక్యరాజ్యసమితి 39వ నిబంధనే సడలింపు ఇచ్చింది. అసలు వేగం కంటే తక్కువ చూపకూడదు గానీ, పది శాతం, ఆపైన మరో 4 కిలోమీటర్ల దాకా ఎక్కువ చూపవచ్చు. అంటే 60లో పోతున్న బండి మీటరు 70 చూపినా తప్పు పట్టరు.

చిక్కల్లా వేగాన్ని లెక్కకట్టే తీరులో ఉంది. ఒక సెకనులో బండి ఉన్న చోటికీ మరుసటి సెకనులో ఉన్న చోటికీ మధ్య దూరం చూసి వేగం కట్టే పెట్టె సులువుగా మోసపోతుంది. ఎత్తైన గోడల పక్కన, వంతెన దగ్గర, చెట్ల గుబురులో సంకేతం చెదిరి, బండి 5 మీటర్లు ముందుకు దూకినట్టు కనిపించవచ్చు. 50లో పోయే బడి బస్సు సెకనుకు 14 మీటర్లు కూడా సాగదు. ఆ 5 మీటర్లు కలిస్తే రిపోర్టులో 68 పడుతుంది. బడి బస్సు స్పీడ్ గవర్నరు హద్దు 60. హద్దులోనే తోలిన డ్రైవరు కాగితం మీద దోషి అవుతాడు.

ఇలా తనిఖీ అడగడం దూకుడుగా తోలేవాళ్లకు సాకు అవుతుందని కొందరు అనవచ్చు. సాకు దొరికేది తనిఖీ లేనప్పుడే. సరిచూసిన అంకెను కాదనడం తప్పు చేసినవాడికి కష్టం. పెట్టెలకు ఏఐఎస్-140 (వాహన ట్రాకింగ్ పరికరాల ప్రమాణం) ధ్రువీకరణ ఉంది కదా అంటారు. ఆ పరీక్ష మోడల్ నమూనాకు జరుగుతుంది. యాంటెనాను ఇనుప రేకు కింద బిగించారో లేదో అది చెప్పదు. ఖర్చు భయమూ అక్కర్లేదు. ఫిట్‌నెస్ కోసం బండి రవాణా శాఖ ముందుకు ఎలాగూ వస్తుంది. కొలిచి గుర్తు పెట్టిన కిలోమీటరు దూరాన్ని నిలకడగా 60 సెకన్లలో దాటిన బండి వేగం 60. పెట్టె ఎంత చూపిందో పక్కన రాసుకుంటే చాలు.

అందుకే మా కోరికలు ఇవి. నిజామాబాద్–బోధన్ మధ్య 63వ జాతీయ రహదారికి దగ్గర్లో అలాంటి కొలత దారి ఒకటి ఏర్పాటు చేయాలి. ఫిట్‌నెస్‌తో పాటే జీపీఎస్ స్పీడును సరిచూసి పత్రం ఇవ్వాలి. ఒక్క సెకను ఎగిరిన అంకెను కాక, వరసగా పది సెకన్లు హద్దు దాటితేనే ఉల్లంఘనగా రాయాలి. అప్పుడు ఎన్ని ఉపగ్రహాలు అందాయో రికార్డులో చూపి, నకలు డ్రైవరుకు ఇవ్వాలి. ఈ నాలుగూ రాసిన వినతిపత్రాన్ని సోమవారం ప్రజావాణిలో కలెక్టరుకు ఇద్దాం. డ్రైవర్లు, యజమానులు కలిసి సంతకాలు చేయండి.