రాత్రి షిఫ్టుకి సరే... రిహార్సల్‌కి వద్దా?

శుక్రవారం సాయంత్రం మాదాపూర్, గచ్చిబౌలి వైపు వెళ్లి చూడండి. ఏ హోటల్లోనో, కెఫేలోనో నలుగురైదుగురు కుర్రాళ్లు గిటార్లూ, డ్రమ్ములూ సర్దుకుంటూ కనిపిస్తారు. పగలంతా కంప్యూటర్ ముందు కూర్చుని వచ్చినవాళ్లే చాలామంది. 'మా బ్యాండ్' అని ముచ్చటగా చెప్పుకుంటారు. చెప్పుకోనివ్వండి, మంచిదే. కానీ ఆ నలుగురైదుగురిలో అమ్మాయేదీ? ఉంటే గింటే మైకు పట్టుకుని పాడే పిల్ల ఒకర్తి ఉంటుంది. డ్రమ్ముల వెనక ఆడపిల్ల కూర్చోవడం మాత్రం ఎప్పుడో గానీ కనిపించని వింత.

1998లో సైబర్ టవర్స్ తెరిచాక ఆ దారిలో ఎన్ని మార్పులు వచ్చాయో మనందరికీ తెలుసు. 'పొద్దుగూకేలోపు ఇంటికి రావాలి' అన్న తండ్రులే, అర్ధరాత్రి కంపెనీ కారు వచ్చి హారన్ కొడితే 'జాగ్రత్తమ్మా' అని గేటు దాకా వచ్చి పంపిస్తున్నారు. జీతం వస్తుంది కదా! అదే పిల్ల 'తొమ్మిదింటికి రిహార్సల్ ఉంది నాన్నా' అంటే మాత్రం ఇల్లంతా ఉలిక్కిపడుతుంది. ఆ రోడ్డూ అదే, ఆ చీకటీ అదే. మరి భయం చీకటికా, పాటకా?

మన తెలుగు బ్యాండ్ల సంగతికొస్తే చాలామందికి ముందు గుర్తొచ్చేది 'చౌరస్తా'. యశ్వంత్ నాగ్, రామ్ మిరియాల, వాళ్ల మిత్రులు కలిసి హైదరాబాద్‌లో నడిపిన బ్యాండ్ అది. సినిమా పాటలు వాయించుకుంటూ కూర్చోకుండా, జానపదానికి గిటారు జోడించి సొంత పాటలు కట్టారు. 'ఊరెళ్ళిపోతా మామ' పాట యూట్యూబ్‌లో ఎంతగా తిరిగిందంటే, బ్యాండ్ పేరు తెలియనివాళ్లకి కూడా ఆ పాట తెలుసు. 2020లో కరోనా మీద 'చేతులెత్తి మొక్కుతా' పాడారు. ఆ తర్వాత రామ్ మిరియాల సినిమాల్లోకి వెళ్లాడు. 2021లో 'జాతిరత్నాలు'లో చిట్టి పాట పాడిందీ, 2022లో 'డీజే టిల్లు' టైటిల్ పాట కట్టి పాడిందీ అతనే. అబ్బాయి పైకొచ్చాడు, సంతోషం. అయితే తెలుగునాట బ్యాండ్ అనేది సినిమాకి ఎక్కే మెట్టుగానే మిగులుతోంది. ఎక్కినవాళ్లు ఎక్కుతారు, మెట్టు అక్కడే ఉండిపోతుంది. ఆ మెట్టు దాకా రావడానికే ఆడపిల్లకి అనుమతి లేదు. అదీ నా బాధ.

'బ్యాండేమిటండీ, నాలుగు రోజుల సరదా' అనేవాళ్లకి ఫిలిప్పీన్స్‌లో జరిగిన కథ చెప్పాలి. అక్కడి 'ఇరేజర్‌హెడ్స్' 1989లో ఫిలిప్పీన్స్ విశ్వవిద్యాలయంలో నలుగురు విద్యార్థులు మొదలుపెట్టిన బ్యాండ్. మొదట్లో వీళ్ల పాటలు పనికిరావని తిప్పి పంపేశారు. వాళ్లే సొంతంగా ఓ క్యాసెట్ చేసుకున్నారు. 1993లో మొదటి ఆల్బమ్ వచ్చింది. తమ భాషలో, తమ వీధి మాటల్లో పాడారు కాబట్టి దేశమంతా నెత్తిన పెట్టుకుంది. 1997లో న్యూయార్క్‌లో ఎం.టి.వి. అవార్డు కూడా అందుకున్నారు. 2002లో ముఖ్య గాయకుడు ఎలీ బ్వెండియా విడిపోయాడు. అయినా 2008లో, 2009లో, మళ్లీ 2022 డిసెంబరులో కలిసి పాడితే జనం విరగబడి వచ్చారు. అప్పుడు కాలేజీలో విన్నవాళ్లు తమ పిల్లల్ని వెంటబెట్టుకుని! నాలుగు రోజుల సరదా అంటే ఇదేనా?

అక్కడితో అయిపోలేదు. ఆ బ్యాండ్ డ్రమ్మర్ రేమండ్ మరసిగన్ ఉన్న ఇంకో బ్యాండ్ 'శాండ్‌విచ్'. అందులో బేస్ గిటారు వాయించేది మైరీన్ అకడేమియా అనే మహిళ. పక్కన నిలబడి కోరస్ అందుకోవడం కాదు, పాట నడక మొత్తం ఆమె చేతిలో ఉంటుంది. మగవాళ్ల మధ్య ఏళ్ల తరబడి వాయిస్తున్నా అక్కడెవరి కొంపా మునగలేదు.

'మన సంప్రదాయం వేరు' అంటారేమో. ఏలూరులో పుట్టిన నిడుమోలు సుమతి గారు మృదంగం వాయించి 2021లో పద్మశ్రీ అందుకున్నారు. మృదంగం కంటే డ్రమ్ము ఏమన్నా బరువా? మన ఇళ్లలో ఆడపిల్లకి వీణ, వయొలిన్, గాత్రం నేర్పిస్తాం. పెళ్లిచూపుల్లో ఓ పాట పాడిస్తాం. పెళ్లయ్యాక ఆ వీణ అటక మీదికో, మూలకో చేరుతుంది. మీ ఇంట్లో కూడా ఒకటి ఉండే ఉంటుంది, చూసుకోండి.

2013లో శ్రీనగర్‌లో 'ప్రగాష్' అనే బ్యాండ్ మూతపడింది. ముగ్గురూ స్కూలు చదువుల ఆడపిల్లలు. మతపెద్ద ఫత్వా ఇస్తే, బెదిరింపులు వస్తే భయపడి మానేశారు. అప్పుడు దేశమంతా అయ్యో అంది. మన దగ్గర ఫత్వా అక్కర్లేదు. 'ఎక్కడున్నావ్? టైమెంతయిందో చూశావా?' అని ఇంటి నుంచి ఒక్క ఫోన్, అంతే. పెళ్లైతే ఆ ఫోన్లు రెండు ఇళ్ల నుంచి వస్తాయి. మగపిల్లాడికి ఎప్పుడైనా వచ్చిందా ఆ ఫోన్?

దీనివల్ల నష్టపోయేది ఆ పిల్లలే కాదు, వినే మనం కూడా. 'ఊరెళ్ళిపోతా మామ' పాటనే తీసుకోండి. నగరంతో విసిగిపోయిన అబ్బాయికి ఊరు గుర్తొచ్చింది. నిజమే, చక్కటి పాట. మరి మాదాపూర్ హాస్టల్లో ముగ్గురితో గది పంచుకుంటున్న అమ్మాయికి ఊరంటే ఏం గుర్తొస్తుంది? పండక్కి వెళ్తే సంబంధాల ఫొటోలు, 'ఇంకెన్నాళ్లు ఉద్యోగం' అనే పిన్నులు, అత్తయ్యలు. ఆమె పాట రాస్తే 'ఇప్పట్లో రాను మామా' అని రాస్తుందేమో! అమ్మ చేతి వంట గుర్తొచ్చి రెండో చరణంలో ఏడుస్తుందేమో కూడా. ఆ పాట ఎవరూ కట్టలేదు. కట్టాల్సిన పిల్ల తొమ్మిదయ్యేసరికి హాస్టల్ గేటు మూసేస్తారని పరుగెత్తుకెళ్లిపోయింది.

రిహార్సల్ రాత్రిపూటే పెట్టుకోవాలని రాసిపెట్టి ఏం లేదు. ఆఫీసులు వదిలేది అప్పుడే కాబట్టి, అబ్బాయిలకి అడ్డు చెప్పేవాళ్లు లేరు కాబట్టి అలా అలవాటైంది. ఆదివారం పొద్దున పదింటికి పెట్టుకుంటే సగం చిక్కు తీరిపోతుంది. అయితే ఆదివారం పొద్దున పదింటికి మనిళ్లలో ఇడ్లీ రుబ్బూ, వారం రోజుల బట్టలూ ఎవరి కోసం ఎదురుచూస్తుంటాయో మీకు వేరే చెప్పాలా? డ్రమ్ములు వాయించే తమ్ముడు ఆ టైముకి దుప్పటి ముసుగేసుకుని పడుకునుంటాడు. వాణ్ణి లేపి, ముందు ఆ బట్టలు ఆరేయమనండి.